గచ్చుపూతకు ముందు

ధ్యానభాగములు: లేవీయకాండము 14:33-45, 2 రాజులు 12:4-16



వానలు వెలసిన తరువాత నడికుడిలోని మన దేవాలయపు పడమటి గోడను చూచితిమి. పూత ఉబ్బి పెళ్లలుగా ఊడుచున్నది. క్రిస్మసు దగ్గరపడుచున్నది గనుక సిమెంటు పూసి, రంగు వేయించి పండుగ గడుపుకొందమని సంఘపెద్దలతో మొదట చెప్పినది మేమే. అయితే సంఘములోని వృద్ధుడైన తాపీమేస్త్రి ఒకరు గోడను తాపీ పిడితో తట్టి చూచెను. అది డొల్లగా మ్రోగెను. "అయ్యగారూ, పూత సంగతి తరువాత. ముందు నీళ్లు ఎక్కడ నుండి వస్తున్నాయో చూడండి" అనెను.

చూచితిమి. చూరు మూలనుండి వాననీరు గోడలోనికి దిగుచున్నది. బయట గోడ మొదట మట్టి మెరకపడి తడిని పట్టియున్నది. మన పెద్దలు రాతితోను గానుగ సున్నముతోను కట్టిన గోడ అది. కొన్నేండ్ల క్రిందట దానిమీద సిమెంటు పూయించినది మనమే.

సున్నము మన పల్నాటి సొత్తు. పిడుగురాళ్ల బట్టీలలో సున్నపురాయిని కాల్చుట మనము ఎరిగినదే. సుమారు 900 డిగ్రీల వేడికి రాతిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. కాలిన రాయి మీద నీరు పోసిన ఉడికి సున్నమగును. గోడలో చేరిన పిమ్మట ఆ వాయువునే గాలినుండి మెల్లగా పీల్చుకొని మరల రాయివలె గట్టిపడును. సున్నపు గోడ తడిని పీల్చినను తిరిగి గాలికి విడిచిపెట్టును. దట్టమైన సిమెంటు పూత ఆ దారి మూసివేయును. చెమ్మ లోపలనే నిలిచి గోడను తినివేయును. సిమెంటు చెడ్డదని కాదు. అదియు సున్నపురాతినుండి పుట్టినదే. క్రొత్త స్లాబునకు, స్తంభమునకు తగినదే. ఏ గోడకు ఏది తగునో తెలిసికొనుట వివేకము.

ఇంటి గోడలో పొడ కనబడినప్పుడు దానిమీద పూయుమని ధర్మశాస్త్రము చెప్పలేదు. చెడిన రాళ్లు ఊడదీయవలెను, పాత పూత గీకివేయవలెను, వేరు రాళ్లు చేర్చి వేరు అడుసు పూయవలెను. గీకుట ముందు, పూయుట తరువాత.

యోవాషు దినములలో మందిరము శిథిలమైయుండెను. బాగుచేయుటకు సొమ్ము వచ్చుచుండినను, అతని యేలుబడిలో 23వ సంవత్సరము వరకు పని జరుగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠమునొద్ద నుంచెను. సొమ్మును ఒక్కరే తీయలేదు. రాజు లేఖకుడును ప్రధానయాజకుడును కలిసి లెక్కించిరి. అది వడ్రంగులకు, తాపీపనివారికి, మ్రానులకు, చెక్కిన రాళ్లకు వెళ్లెను. వెండి పాత్రలు చేయించుట ఆ పనికి ముందు జరుగలేదు. మరమ్మతు ముగిసిన పిమ్మట మిగిలిన దానితో మందిరపు ఉపకరణములు చేయించిరని దినవృత్తాంతములు తెలుపుచున్నది.

ప్రియులారా, ఇక్కడ మన గోడకంటె లోతైన మాట ఒకటి కలదు. ఆ సిమెంటు పూత నాటి లెక్కను మేము సంఘము ఎదుట చదువలేదు. దానివలన రెండు కుటుంబములు నేటికిని ఒక బల్లయొద్ద మోకరించుట లేదు. వారిని పిలిచి చేతులు కలిపించి సరిపోయెననుకొంటిమి. అదియు పూతయే. లోపలి చెమ్మ అట్లే యున్నది.

ఆ సొమ్ము మిరప కోతకు వెళ్లి వచ్చిన తల్లుల కూలి. వండబోవు బియ్యములోనుండి తీసిన పిడికెడు. దానికి లెక్క చెప్పుట మాకు అవమానము కాదు, చెప్పకపోవుటయే అవమానము. కావున వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే పాత లెక్క, క్రొత్త లెక్క చదివెదము. తప్పు మాదైతే ఒప్పుకొందుము. తరువాత చూరు, పిమ్మట గోడ మొదటి మట్టి, ఆ తరువాత సిమెంటు పెళ్లలు తీయుట. గోడ ఆరిన పిమ్మటనే సున్నము.

కాబట్టి ఈ క్రిస్మసునాడు పడమటి గోడ పూత లేక, రాళ్లు కనబడుచు ఉండును. పొరుగూరి బంధువులు అడిగిన సిగ్గుపడకుడి, బాగుచేయుచున్నామని చెప్పుడి. పశువుల తొట్టిలో పండుకొనిన ప్రభువు ఆ గోడను చూచి వెనుదిరుగడు.

ప్రభువా, మేము పూసి దాచినదానిని గీకుటకు మాకు ధైర్యమిమ్ము. ఆమేన్.