శ్రమకాలములో దినచర్య వ్రాయుట

మూలవాక్యములు: లూకా 16:1–8, కొలొస్సయులకు 2:14



భస్మ బుధవారము మొదలుకొని పునరుత్థాన పండుగ వరకు, ఆదివారములను విడిచి లెక్కించిన యెడల, నలువది దినములు. మన ప్రభువు అరణ్యములో ఉపవసించిన నలువది దినముల జ్ఞాపకార్థముగా సంఘము వీనిని ప్రత్యేకించుకొన్నది. జాన్ రంగయ్యగారు 1903లో నెల్లూరు నుండి నేటాలుకు వచ్చి, కియర్స్నీ తేయాకు తోటలలోని తెలుగువారి నడుమ సంఘము స్థాపించిరి. ఆ పరంపరకు చెందిన మనకు ప్రార్థనకూటములు కలవు, వాక్యపఠనము కలదు, సాక్ష్యము కలదు. శ్రమకాలమును మాత్రము, అది ఇతర సంఘములవారి ఆచారమని, మనలో అనేకులు విడిచిపెట్టిరి. మంచి అలవాటు ఏ వాకిటినుండి వచ్చినను పుచ్చుకొనవచ్చునని నా అభిప్రాయము.

ఈ దినములలో కొందరు మాంసము మానుదురు, కొందరు తేనీరు మానుదురు. నేను చెప్పదలచినది మానుట కాదు, వ్రాయుట. రాత్రి భోజనమైన పిమ్మట, పరుండుటకు ముందు, పావుగంట కూర్చుండి, ఆ దినమును దేవుని యెదుట ఒక పుటలో వ్రాసికొనుట. ఇది క్రొత్త సంగతి కాదు. జాన్ వెస్లీ 1725లో మొదలుపెట్టిన దినచర్యను ముసలితనము వరకు వ్రాసెను. అంతకు ఎంతో పూర్వము అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథమునంతటిని దేవుని ‘నీవు’ అని సంబోధించుచు వ్రాసెను. మన హైందవ బంధువుల యిండ్లలో రామకోటి వ్రాయు పెద్దలను మీరెరుగుదురు. చేయి వ్రాయుచుండగా మనస్సు నిలుచునని వారికిని తెలియును. వారు దైవనామమును వ్రాయుదురు. ఇక్కడ మనము ప్రభువు నామము యెదుట మన నడతను వ్రాయవలెను. అది కొంచెము కష్టమైన పని.

వ్రాయుట ఎందుకు, ప్రార్థించిన చాలదా అని మీరడుగవచ్చును. నోటి ప్రార్థన గాలిలో కలిసిపోవును. నిన్న ఏమంటినో నేడు జ్ఞాపకముండదు. వ్రాసినది నిలిచి, మరల చదివినప్పుడు మనలను ప్రశ్నించును.

నా సంగతియే చెప్పెదను. మా తల్లి మరణించిన పిమ్మట యింటిని గూర్చి నాకును మా అన్నకును మాటలు తెగిపోయెను. ఆ యేటి శ్రమకాలములో నేను నోటుపుస్తకము తీసితిని. ప్రతి రాత్రియు భక్తితోనే వ్రాసితిని. మూడవ వారము ఆదివారమున కూర్చుండి మొదటినుండి చదువగా, పుట పుటకు మా అన్న దురాశయే కనబడెను. మూడు సంవత్సరములు మంచములో నున్న తల్లిని రాత్రులయందు ఎవరు లేపి, తుడిచి, మందు త్రాగించిరో ఒక్క మాటయు లేదు. అది చేసినవారు ఆయనయు మా వదినయు. నేను ఆదివారములయందు పండ్లు తీసికొని పోయి, గంటసేపు కూర్చుండి వచ్చినవాడను.

అప్పుడు లూకా సువార్తలోని గృహనిర్వాహకుడు నాకు జ్ఞాపకమునకు వచ్చెను. నూరు మణుగుల నూనె అచ్చియున్నవానిని అతడు పిలిచి, త్వరగా కూర్చుండి ఏబది అని వ్రాసికొమ్మనెను. (యజమానుడు అతని యుక్తిని మెచ్చుకొనెను గాని ఆ లెక్కను కాదు, ఆ ఉపమానము వేరొక దినమునకు.) నేను చేసినదేమి? నా అప్పును ఏబదికి దించి, మా అన్న అప్పును నూరుగానే ఉంచితిని. మోకాళ్లమీదనుండి లేచి వచ్చి వ్రాసిన లెక్కయే అట్లుండెను.

పూర్తి లెక్క వ్రాయుటకు మనము ఎందుకు భయపడుదుము? వ్రాసినది మనమీదికి సాక్ష్యముగా వచ్చునని. మన జాతికి ఆ భయము సహజమే. 1860 నుండి 1911 వరకు నేటాలుకు వచ్చిన 1,52,184 మంది కూలీలలో మన పూర్వికులున్నారు. ఓడ పట్టీలలో వారి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, దేహముమీది మచ్చలు వ్రాసి, ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చిరి. అయిదేండ్ల గిరిమిట్టు క్రింద అనేకులు తాము చదువలేని పత్రమునకు గుర్తు పెట్టిరి. వారు రాత్రివేళ లైనులలో ఎవరిని తలచి ఏడ్చిరో, ఏ తప్పునకు పశ్చాత్తాపపడిరో ఏ పట్టీలోను లేదు. పత్రము అనగా మన తాతలకు ఇతరులు వ్రాసి తమ్మును కట్టివేసిన కాగితము.

అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు వ్రాయుచు, అట్టి ఋణపత్రమును గూర్చియే మాటలాడుచున్నాడు. మనకు విరోధముగా నున్న పత్రమును దేవుడు తుడిచివేసి, సిలువకు మేకులతో కొట్టెనని అతని బోధ. సహోదరులారా, ఇది గ్రహింపుడు: అప్పు కొట్టివేయబడినది గనుకనే నూరును నూరని వ్రాయగలము. కొట్టివేయబడుటకై వ్రాయుట లేదు. తీర్పునకు వెరచువాడు ఏబది వ్రాయును. క్షమింపబడినవాడు, చేయి వణకినను, నూరు వ్రాయును.

కాబట్టి ఆ పుట మనుష్యులకు చూపుటకు కాదు. చక్కని దస్తూరి అక్కరలేదు. తెలుగు వ్రాయనేర్చినవారు తెలుగులో వ్రాయుడి. మన పిల్లలలో అనేకులకు అక్షరములు రావు, వారు ఇంగ్లీషులో వ్రాయనిండు. తెలుగు పోవుచున్నదని నాకు దుఃఖమే, అయినను దాని కొరకు పశ్చాత్తాపమును వాయిదా వేయవలదు. పొరుగువాని తప్పు వ్రాయవలసి వచ్చిన దినమున, దాని ప్రక్కనే ఆయన మనకు చేసిన మేలు ఒక్కటైనను వ్రాయుడి. వారమునకొకసారి, ఆదివారమున, వ్రాయక చదువుడి. చదువుటయే దీనిలో కఠినమైన భాగము. నేను అనేకసార్లు దానిని తప్పించుకొన్నవాడను.

ఆ యేడు మిగిలిన రాత్రులయందు నేను మా అన్న కుటుంబమునకు ఋణపడినదానిని జ్ఞాపకమునకు వచ్చినంతమట్టుకు వ్రాసితిని. శుభ శుక్రవారపు ఆరాధన పిమ్మట, అర్పణమును బలిపీఠము నొద్ద విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమను ప్రభువు ఆజ్ఞ నన్ను నిలువనీయలేదు. పుస్తకము చేతపట్టుకొని వారి యింటికి పోతిని. మా అన్నకు తెలుగు మాట వచ్చును గాని చదువు రాదు. నేనే చదివి వినిపించితిని. తల్లిని రాత్రివేళ లేపిన సంగతి వచ్చినప్పుడు ఆయన మా వదినను లోపలినుండి పిలిచి, ఆ పుటను మరల చదువుమనెను. యింటి సంగతి ఆ రాత్రి తేలలేదు. కాగితములు ఇప్పటికిని వకీలు నొద్దనే యున్నవి. మా వదిన మాత్రము అన్నము వడ్డించెను, ముగ్గురమును కలిసి భుజించితిమి.