అర్ధరాత్రి పుట్టిన మన దేశం జాతకం

"నా జాతకమే బాలేదు" అనుకునేవాళ్లు ఒక్కసారి మన దేశం జాతకం చూడండి.

1947 ఆగస్టు 15, అర్ధరాత్రి, ఢిల్లీ. వృషభ లగ్నం, లగ్నంలోనే రాహువు. కర్కాటకంలో రవి, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, శని, ఐదుగురూ ఒకే ఇంట్లో. అది తృతీయ స్థానం. శాస్త్రంలో తృతీయమంటే తోబుట్టువులు, పరాక్రమం.

తోబుట్టువుల బాధ దేశ విభజనలో చూశాం. లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి నడిచారు.

మరి పరాక్రమం? చంద్రుడు ఉన్నది పుష్యమిలో. దాని అధిపతి శని, అధిదేవత బృహస్పతి. అంటే ఓపికగా కష్టపడాలి, పెద్దల మాట వినాలి. అలాగే 1949 నవంబర్‌కి రాజ్యాంగం పూర్తిచేసుకున్నాం. 1951-52లో చదువు రానివాళ్లూ ఓటేశారు.

పోయినేడు ప్రాజెక్ట్ పోయి బెంచ్ మీద ఉన్నప్పుడు నేనూ శనినే తిట్టుకున్నా. అమ్మ ఒకటే అంది: "ఆయన పని నేర్పే దేవుడురా, భయపెట్టేవాడు కాదు."

జాతకం ఇన్‌పుట్ మాత్రమే, కోడ్ రాయాల్సింది మనమే. ఈ శనివారం నువ్వుల నూనె దీపం పెట్టండి. ఆగిపోయిన పని ఒకటి మొదలుపెట్టండి. మాటలు మానేసిన అన్నకో చెల్లికో ఫోన్ చేయండి. తృతీయానికి ఇంతకంటే మంచి పరిహారం నాకు తోచలేదు.

జై శ్రీరామ్! జై హింద్!