సుంకం ఎగవేత దొంగతనమేనా?

మాచర్లకు చేరువలోని నాగార్జునకొండ మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఇక్కడి తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, సింహళ విహారం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో ఉపాసిక బోధిశ్రీ, తామ్రపర్ణి (శ్రీలంక) థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. కంటకశైల రేవు పేరు అందులోనే ఉంది. వర్తకులు తిరిగే దారుల్లోనే భిక్షువులూ తిరిగిన రోజులవి.

దారిలో సుంకం ఠాణా వస్తే భిక్షువు ఏం చేయాలి?

థేరవాదుల భిక్షు నియమావళి అయిన వినయ పిటకం దీనికి సూటిగా జవాబిచ్చింది. సుంకం కట్టవలసిన వస్తువును ఎగవేసే ఉద్దేశంతో దాచి ఠాణా దాటిస్తే అది దొంగతనం. వస్తువు విలువ ఐదు మాషాలో (నాటి నాణేలు) అంతకు మించో ఉంటే సంఘంలో అతనికి ఇక చోటు లేదు. వస్తువు అతనిదే కావచ్చు, అందులోంచి చెల్లించాల్సిన భాగం మాత్రం అతనిది కాదు. ఇవ్వనిది తీసుకోకూడదన్న శీలాన్ని బౌద్ధం అంత దూరం తీసుకెళ్లింది.

అదే గ్రంథంలో మరో సందర్భం ఉంది. ఎవరో ఠాణాను చూసి, విలువైన మణిని భిక్షువుకు తెలియకుండా అతని సంచిలో వేస్తాడు. భిక్షువు దాటేస్తాడు. అతనికి తెలియదు కాబట్టి దోషం లేదని తీర్పు. పాపం చేతిలో కాక సంకల్పంలో ఉందన్నమాట. నేటి భారత చట్టం ఇక్కడ వేరే దారి పట్టింది. కస్టమ్స్ చట్టం 138ఎ సెక్షన్ ప్రకారం, దురుద్దేశం అవసరమైన కేసుల్లో కోర్టు అది ఉందనే భావిస్తుంది. లేదని నిరూపించుకునే భారం నిందితుడిదే. 2011 నుంచి దిగుమతి, ఎగుమతిదారులే తమ సుంకాన్ని లెక్కగట్టి ప్రకటిస్తున్నారు. అంత నమ్మకం ఉంచినప్పుడు అంత బాధ్యతా ఉంటుంది.

ఎగుమతి మిరప పండించే పల్నాడుకు ఈ బాధ్యత దూరపు మాట కాదు. కళ్లాల్లో తేమ ఆరని మిరపకాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఐరోపా సమాఖ్య మిరపలో బి1 రకాన్ని కిలోకు 5 మైక్రోగ్రాములకే పరిమితం చేసింది. భారత్ నుంచి వెళ్లిన కారంలో సుడాన్ రంగు బయటపడ్డాక, 2003లో పరీక్ష పత్రం తప్పనిసరి చేసింది. ఈ నిబంధనలు కాపాడేది ఖజానాను కాదు, మన కారం తినే పరదేశి ప్రాణాన్ని. ముఖం కూడా ఎరుగని మనిషి పట్ల ధర్మం ఉందా అంటే, ఉంది.

ధర్మం పాలకుడికీ వర్తిస్తుంది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు లాక్కునేవారు. కాకతి గణపతిదేవుడు 1244-45 నాటి మోటుపల్లి అభయశాసనంతో ఆ అన్యాయాన్ని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని మాటిచ్చాడు.

కాబట్టి ఎగవేత దొంగతనమే, అధికారి అదనంగా గుంజుకున్నా దొంగతనమే. మిరప ఎగుమతిదారులు పరీక్ష ఫలితాలను రైతులకూ చూపించాలి. కోతకు ముందే కళ్లాలకు పట్టలు అందేలా చూడాలి.