చుట్టమా, అతిథా?

ఆదివారం తెల్లవారుతూనే సైకిలు తీసుకుని పల్లెలు తిరిగి రావడం నాకు చాలాకాలంగా అలవాటు. మా ఉడుమలైపేట నుంచి తిరుమూర్తి కొండకు సుమారు 20 కిలోమీటర్లు. దారి పొడుగునా కొబ్బరి తోటలు, కాలువలు. ఈ తమిళ సీమ నడుమ దీవుల్లాగా అక్కడక్కడా మన తెలుగు పల్లెలున్నాయి. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. చూస్తే తెలియదు, వింటేనే తెలుస్తుంది.

మొన్న తళి దాటాక దాహమేసి ఒక ఇంటి ముందు ఆగాను. తిన్నె మీదున్న అవ్వను తమిళంలోనే నీళ్ళడిగాను. చెంబుతో తెచ్చి ఇచ్చింది. తాగుతుండగా ఇంటి నుంచి ఫోను వస్తే తెలుగులో బదులిచ్చాను. అంతే, అవ్వ ముఖం వికసించింది. "మనోళ్ళేనా! ముందే చెప్పకూడదా నాయనా?" అంటూ చాప పరిచింది. సంకటి, మజ్జిగ పెట్టి, రెండు కొబ్బరికాయలు సైకిలుకు కట్టిగాని వదల్లేదు.

మన భాషకెంత బలముందో అని పొంగిపోతూ బయలుదేరాను. తిరుగుదారిలో టైరు పంచరయింది. తోటలో ఉన్న ఒక తమిళ రైతు చూసి, నన్ను వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, కొడుకు చేత పంచరు వేయించాడు. ఎళనీరు కొట్టిచ్చాడు. డబ్బిస్తే పుచ్చుకోలేదు. నేనెవరో, ఏ ఊరివాణ్ణో అడగనైనా లేదు.

ఈ రెండింటిలో ఏది ఆతిథ్యం?

తమిళులు అతిథిని 'విరుందు' అంటారు. ఆ మాటకు అసలు అర్థం కొత్తదనం. తిరువళ్ళువర్ దీనికోసం ఒక అధికారమే, పది కుఱళ్ళు, కేటాయించాడు. మనమేమో ఇంటికి ఎవరొచ్చినా 'చుట్టాలొచ్చారు' అంటాం. మంచిగా తీసుకుంటే, వచ్చిన ప్రతివాడూ మనకు చుట్టమేనన్నమాట. చెడుగా తీసుకుంటే, చుట్టమైతేనే లోపలికి రానిస్తామన్నమాట.

అవ్వను నేను తక్కువ చేయడం లేదు. నేనెవరో తెలియకముందే ఆమె నీళ్ళిచ్చింది. ఆ చెంబెడు నీళ్ళే ఆతిథ్యం. తరువాత పెట్టిన సంకటి చుట్టరికం.

విజయనగర, మధుర నాయకుల కాలాల్లో మన పెద్దలు ఈ సీమకు వచ్చారు. అధికారంతో వచ్చినవారికి ఆతిథ్యంతో పనేమిటని కొందరనవచ్చు. కాని వచ్చినవారందరూ పాలెగాళ్ళు కారు. మగ్గాలతో వచ్చినవారున్నారు, మందలు తోలుకుని వచ్చినవారున్నారు. దారిలో వాళ్ళకు నీళ్ళు పోసిన చేతుల్లో తెలుగు తెలియని చేతులు ఎన్నో ఉండి ఉంటాయి.

ఇది రాస్తుంటే పోయిన వేసవి గుర్తొస్తోంది. మిట్టమధ్యాహ్నం, పనికోసం ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రవాడొకడు మా గేటు దగ్గర నిలబడి హిందీలో ఏదో అడిగాడు. నాకు ఆ భాష రాదు. కాని వాడు చేయి నోటి దగ్గర పెట్టి చూపించాడు. అర్థం కాలేదనడానికి వీల్లేదు. నేను లోపలి నుంచే వీధి చివరి అంగడి వైపు చేయి చూపాను.

ఇప్పుడు గేటు పక్కన నీళ్ళకుండ పెట్టించాను. అయితే కుండ దాహం తీరుస్తుందేగాని, రమ్మని పిలవదు. ఆ పిలవడం నేనింకా నేర్చుకోవాలి.