అమ్మకపుటింటి యలంకారము: ధర్మాధర్మ విచారము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడు అని వారు చేర్చలేదు. ఆనాడు ఇల్లు అమ్ముట అరుదు. అమ్మవలసివచ్చినవాడు ఆ మాట నలుగురిలో చెప్పుకొనుటకే సంకోచించెడివాడు. నేడట్లు కాదు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. అదే జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. నాటినుండి బీదరు తెలుగువారి బంధుత్వములు సరిహద్దున కిరువైపుల నున్నవి. ఇపుడు పిల్లలు చదువులకును ఉద్యోగములకును హైదరాబాదో బెంగుళూరో చేరుచున్నారు. వృద్ధులైన తలిదండ్రులు వారియొద్దకు పోవలసి వచ్చినపుడు, ఇంతకాలము కాపురమున్న యిల్లు అమ్మకమునకు వచ్చుచున్నది.

అమ్ముటకు ముందు ఇంటిని అలంకరించుట న్యాయమా, మోసమా? ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని చిన్నది కాదు. అమెరికాలో ఇది హోమ్ స్టేజింగు అను పేరుతో నొక వృత్తిగా పెరిగినది. అద్దెకు తెచ్చిన సోఫాలు, దీపములు, చిత్రపటములు అమర్చి, నాటకరంగమును సిద్ధపరచినట్లు ఇంటిని సిద్ధపరతురు. మన మధ్యతరగతి గృహస్థునకు అంత స్తోమతు లేదు. అతని చేతనున్నది కొద్ది సొమ్ము, ఇంటివారి రెక్కల కష్టము మాత్రమే.

ఆ కొద్దిపాటితో చేయదగిన పనులు లేకపోలేదు. అటకమీది ప్రాతసామాను తీసివేసి గదులు ఖాళీ చేయవచ్చును. బూజు దులిపి, కిటికీలు కడిగి, గోడలకు సున్నము వేయించవచ్చును. కారుచున్న కొళాయికి వాషరు వేయించి, కిఱ్ఱుమను తలుపు బందులకు నూనె పోయవచ్చును. వాకిట నీళ్ళు చల్లి ముగ్గు పెట్టుట మనయింట నిత్యకృత్యమే. ఇందులో దేనిని మోసమందుము? పెండ్లిచూపులనాడు ఇరుపక్షములవారును మంచి బట్టలు కట్టుకొందురు. దానిని తప్పని యెవరును అనరు. వ్యాధిని దాచిన మాత్రము అందరును అందురు. అలంకారమునకును మఱుగుపఱచుటకును గల భేదము లోకమునకు తెలియనిది కాదు.

తెలిసియు తప్పటడుగు పడుచోటు వేఱొకటి కలదు. బీదరు నిలిచిన పీఠభూమి పైపొర లాటరైటు అను ఎఱ్ఱరాయి. ఇచ్చటి ప్రాతయిండ్లు పెక్కు ఆ రాతితో కట్టినవే. అది సన్నని రంధ్రములు గల రాయి. వానకాలమున చెమ్మను పీల్చును. కప్పునుండి నీరు దిగిన గోడకు గార ఉబ్బి పెచ్చులూడును. కప్పు బాగుచేయించి, నీరుపోవు దారి సరిచేసి, మరల గార పూయించుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. ఆ మరకమీద ఒక పూత రంగు వేయించుట చౌక. మృగశిర కార్తె ప్రవేశింపక ముందే ఇల్లు చూపి, బయానా పుచ్చుకొని, రిజిస్ట్రేషను ముగించినచో లోపము కొన్నవాని కంట పడునది తరువాతనే. బాగుచేయుటకన్న కప్పిపుచ్చుట చౌక యగుటయే పేదగృహస్థునకు వచ్చు అసలు శోధన. ధనికుడు బాగు చేయించి అమ్మగలడు, ఇతడు చేయలేడు.

ఈ విషయమున ధర్మశాస్త్రము మౌనముగా లేదు. ఒక సరకులో మఱొకటి కలిపి అమ్మరాదనియు, సారము లేనిదానిని, తక్కువైనదానిని, కప్పిపెట్టినదానిని అమ్మరాదనియు మనుస్మృతి అష్టమాధ్యాయము శాసించినది. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను నేటికిని చెప్పునదేమనగా, వేఱు ఒడంబడిక లేనిచో, తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సాధారణ జాగ్రత్తతో అతడు కనుగొనజాలని ముఖ్యలోపమును తెలియజేయుట అమ్మువాని విధి. తెలియజేయకుండుట మోసముగా నెంచబడును.

రోమను పండితుడగు సిసిరో క్రీ.పూ. 44లో కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున సరిగా ఈ ప్రశ్ననే విచారించెను. ఆరోగ్యకరము గాని ఇంటిని, చెడ్డ కలపతో కట్టినదానిని, ఆ సంగతి తనకొక్కనికే తెలిసినవాడు అమ్ముచున్నాడు. అతడు చెప్పవలెనా? చెప్పనక్కఱలేదు, కొనుమని యెవరిని బలవంతపెట్టలేదు గదా యని డయోజనీసు వాదము. చెప్పితీరవలెనని ఆంటిపేటరు వాదము. సిసిరో రెండవవాని పక్షము వహించి, ఊరకుండుట వేఱు, మన లాభముకొఱకు ఎదుటివానిని అజ్ఞానమున నుంచుట వేఱు అని తీర్పు చెప్పెను.

మేమీ తీర్పును అంగీకరించుచు ఒక మాట చేర్చుచున్నాము. దోషము రంగులో లేదు. బావి నిండియున్న శ్రావణమాసమున మాత్రమే ఇల్లు చూపి, వైశాఖమున అది ఎండునని చెప్పనివాడు గోడకు ఒక్క చుక్క రంగైనను పూయలేదు, అయినను దాచినవాడే. ఇల్లంతయు సున్నము వేయించి, ఈ మూల చెమ్మ వచ్చునని వ్రేలితో చూపినవాడు దాచినవాడు కాడు. మన బీదరు బిద్రీ పనివారిని చూడుడు. తుత్తునాగమును రాగిని కలిపి పోతపోసిన పాత్రపై వెండి పొదిగి, కోటమన్నుతో రుద్ది నల్లబఱతురు. ఆ నలుపు వెండిని దాచదు. వెండి ఉన్నచోట వెండిగాను, లేనిచోట లేనట్లుగాను కంటికి చూపును. అమ్మకపుటింటి యలంకారమును అట్లే యుండవలెను.

నిజము చెప్పిన ధర తగ్గును, నష్టపడునది పేదవాడే గదా యని ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ ధరతో అతడు ఆసుపత్రి ఖర్చు తీర్చవలసి యుండవచ్చును, ఆడపిల్ల పెండ్లి చేయవలసి యుండవచ్చును. కాని చిన్న యింటిని కొనవచ్చువాడును చిన్నవాడే. ప్రావిడెంటు ఫండు తీసి, భార్య నగలు కుదువబెట్టి, బ్యాంకు అప్పు తలకెత్తుకొని అతడు వచ్చును. గోడ మరమ్మతు ఖర్చు ఎక్కడికిని పోదు. ఒక పేదవాని నెత్తినుండి మఱొక పేదవాని నెత్తికి, అతనికి తెలియకుండ, మారునంతే. మేస్త్రీచేత అంచనా వ్రాయించి, ఆ కాగితము కొనువాని చేతికిచ్చి ధర మాటలాడినచో, అతని అనుమానము కొంత తీరును. తెలిసిన లోపమునకు లెక్క కలదు. తెలియని లోపమునకు భయమే లెక్క. అయినను ధర్మము ఎల్లప్పుడును లాభమునే తెచ్చునని మేము చెప్పజాలము. కొన్ని వేలు తగ్గవచ్చును. ఆ తగ్గుదల తన సొమ్ము పోవుట కాదు. పరుల సొమ్ము తనకు రాకుండుట.

కొనువానికిని ధర్మము కలదు. అమ్మువాని తొందర కనిపెట్టి, లేని లోపము లెన్ని ధర తెగగొట్టుట, ఉన్న లోపమును దాచుటవంటి అబద్ధమే.

కాబట్టి చేతనున్న కొద్ది సొమ్మును మొదట నీరు కారుచోట వెచ్చింపవలెను, తరువాత వెలుతురునకును శుభ్రతకును, మిగిలినచో రంగునకు. బాగుచేయించుటకు శక్తిలేని గోడను అట్లే యుంచి, దాని సంగతి చెప్పవలెను. రాబోవువాడు మొదటి వానకు ఆ గోడను చూచి, వారు ముందే చెప్పిరి గదా యని యనుకొనినచో, ఆ క్రయము ధర్మముగా జరిగినట్లే.