కొద్దిమంది కోసం రేడియో ఎందుకు?

అలాస్కాలోని బెతెల్ పట్టణానికి బయటి నుంచి రోడ్డు లేదు. అక్కడ కేవైయూకే అనే రేడియో 1971 నుంచి నడుస్తోంది. ఇంగ్లీషుతో పాటు యూపిక్ ఆదివాసుల భాషలోనూ వార్తలు చెబుతుంది. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్, ప్రజా ప్రసారాలకు రెండేళ్లకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను రద్దు చేసింది. ఈ రేడియో ఆదాయంలో దాదాపు 70 శాతం ఆ నిధే. ఉద్యోగులను తగ్గించుకోక తప్పలేదు.

వినేది కొద్దిమంది, అందరి పన్నుల డబ్బు ఎందుకు అంటారు. అడగవలసిన ప్రశ్నే. సర్కారు సొమ్ము తిన్న గొంతు సర్కారుకు వంతపాడదా అన్న అనుమానమూ కొట్టిపారేసేది కాదు. కానీ తలలు లెక్కపెట్టి ఇచ్చేటట్టయితే మన కువికి, కొలామికి, గదబకు ఏనాడూ వంతు రాదు. ప్రకటనలిచ్చే కంపెనీ ఎలాగూ తలలే లెక్కపెడుతుంది. ఉమ్మడి సొమ్ము కూడా అదే లెక్క చూస్తే ఇక ఉమ్మడి ఎక్కడ?

అదే ఏడాది అక్టోబరులో తుఫాను ఆ తీరాన్ని కొట్టింది. కిప్‌నుక్, క్విగిల్లింగోక్ గ్రామాల్లో ఇళ్లు పునాదుల మీద నుంచి లేచి కొట్టుకుపోయాయి. జనాన్ని విమానాల్లో తరలించారు. అలాంటి రాత్రి ముసలమ్మకు తన మాటలో చెప్పే మనిషి కావాలి. (మనలో ఎందరం తుఫాను హెచ్చరికను అమ్మ భాషలో విన్నాం?) నది వంపూ గాలి తీరూ తెలిసిన ఆ మనిషిని ఇంటికి పంపేస్తే, రేపు డబ్బు తిరిగొచ్చినా ఎక్కడ వెతుకుతారు? ఆ పని నేర్చుకుందామనుకున్న కుర్రాడు ఈలోగా ఏ కూలిలో చేరి ఉంటాడో.