సారం లేని నేల చాలు

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల గురించి యదు మహారాజుకు చెబుతాడు. వారిలో కురరమనే పక్షి ఒకటి. మాంసం ముక్కను నోట కరచుకొని పోతుంటే, ఏమీ దొరకని బలమైన పక్షులు దాని వెంటపడి పొడిచాయి. ముక్క వదిలేసింది, పోట్లు ఆగాయి. వదిలేస్తే హాయి అని ఈ కథ విన్న ప్రతిసారీ తల ఊపుతాం. నోట కరచుకున్నది గనుక ఆ పక్షి వదలగలిగింది. మరి మనం కరచుకోకుండానే వచ్చి మీద పడేదాన్ని వదిలించుకోవడం ఎలా? దీనికి నెదర్లాండ్స్‌లోని ఒక పొద సంగతి తెలుసుకోవాలి.

మచిలీపట్నంలో, భీమునిపట్నంలో సమాధులు మిగిల్చి వెళ్లిన డచ్చివారి దేశమే అది. దాని ఈశాన్య భాగాన డ్రెంట అనే ప్రాంతంలో డ్వింగెల్డర్‌వెల్డ్ జాతీయ ఉద్యానం దాదాపు 3,700 హెక్టార్లలో పరుచుకొని ఉంది. చెట్లు తక్కువ. కాలు పెడితే నీరు ఊరే ఆమ్ల నేల. పశ్చిమ ఐరోపాలో ఇంత పెద్ద తడి పొదల బయలు మరొకటి లేదంటారు. అక్కడ మోకాలెత్తు కూడా ఎదగని పొద ఎరికా టెట్రాలిక్స్. సన్నని చిన్న ఆకులు నాలుగేసి చొప్పున కాడ చుట్టూ శిలువలా అమరి ఉంటాయి. జూన్ మొదలు సెప్టెంబరు దాకా కొమ్మ చివర గులాబీ రంగు బుడ్డి పూలు గుత్తిగా తల వంచుకొని పూస్తాయి. ఆగస్టులో బయలంతా ఊదా రంగు పులిమే కల్లూనా అనే దీని దాయాదికే పేరంతా పోతుంది. దీన్ని పలకరించేవాళ్లు తక్కువ.

ఆ నేలలో నత్రజని కొద్దిగా ఉంటుంది, ఆ కొద్దీ సగం కుళ్లిన ఆకూ అలములో చిక్కుకొని ఉంటుంది. దాన్ని పొద ఒంటరిగా పీల్చుకోలేదు. వెంట్రుకలంత సన్నని దాని వేళ్ల కణాల్లోకి ఒక శిలీంధ్రం చేరి చుట్టలు చుట్టుకొని కాపురముంటుంది. అది నత్రజని విడదీసి ఇస్తుంది, పొద చక్కెర ఇస్తుంది. ఇక పూల సంగతి. డెన్మార్క్‌కు చెందిన హాగెరుప్ శాస్త్రవేత్తలు 1953లో ప్రచురించిన వ్యాసంలో ఈ పువ్వుకు పుప్పొడి చేరవేసేది తామర పురుగులని రాశారు. 2021లో మన మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు జాతి వేరు గానీ వంశం అదే. ఆ పేరు వింటేనే ఒళ్లు మండే గుంటూరు రైతుకు ఈ మాట చెబితే నమ్ముతాడో లేదో!

ఈ బయలు వట్టి ప్రకృతి వరం కూడా కాదు. శతాబ్దాల పాటు రైతులు అక్కడ గొర్రెలు మేపారు. పైమట్టిని వేళ్లతో సహా పెళ్లలుగా చెక్కి, కొట్టంలో పరిచి, పేడతో కలిపి పొలాలకు తోలుకున్నారు. సారమంతా పొలానికి పోయింది, బయలు నిస్సారంగా మిగిలింది, పొద వర్ధిల్లింది. రసాయన ఎరువులు రాగానే పెళ్లల అవసరం తీరింది. బయలులో ఎక్కువ భాగం దున్ని పొలాలు చేశారు.

మిగిలిన కాస్త బయలుకు కష్టం ఆకాశం నుంచి వచ్చింది. దానికి ఎవరూ ఎరువు వెయ్యలేదు. పాడి పశువుల, పందుల, కోళ్ల పెంటల నుంచి లేచిన అమ్మోనియా, వాహనాల పొగలోని నత్రజని ఆక్సైడ్లు వానతో, గాలితో దిగాయి. నేల బలిసింది. మొలీనియా అనే గడ్డి ఏపుగా లేచి పొదల మీది ఎండను మింగేసింది. 1980ల నాటికే డచ్చి పొదల బయళ్లలో మూడో వంతుకు పైగా గడ్డి మైదానాలైపోయాయి. ఈ నత్రజని తగవు చివరికి కోర్టుకెక్కింది. 2019 మే నెలలో ప్రభుత్వ నత్రజని అనుమతుల పథకం చెల్లదని తీర్పు వచ్చింది. అక్టోబరులో రైతులు ట్రాక్టర్లతో హేగ్‌ను ముట్టడించారు. ఎవరి బాధ వారిది.

పతంజలి చెప్పిన అయిదు యమాల్లో చివరిది అపరిగ్రహం. దాన్ని మనం ‘అత్యాశ వద్దు’ అని తేలిక చేసేశాం. వ్యాసభాష్యం ఇంకా లోతుకు వెళుతుంది. సంపాదించడంలో, కాపాడుకోవడంలో, పోగొట్టుకోవడంలో, తగులుకోవడంలో, దానివల్ల జరిగే హింసలో దోషం చూసి, అసలు పుచ్చుకోకపోవడమే అపరిగ్రహమంటుంది. అంటే తలుపు తట్టి వచ్చినదాన్ని కూడా. అడగని కబుర్లు, అడగని పొగడ్తలు, వద్దనడానికి మొహమాటపడి ఇంట్లో పేర్చుకున్న వస్తువులు. ఆశపడి తెచ్చుకున్నది కనీసం గుర్తుంటుంది. ఊరికే వచ్చిపడింది ఎప్పుడు పేరుకుందో కూడా తెలీదు.

పొదకు వైరాగ్యం అంటగట్టడం నాకిష్టం లేదు. లేమిని అది ఎంచుకోలేదు, ఆ లేమిలోనే పుట్టింది. ఎంచుకోవలసింది మనుషులే, అక్కడ ఎంచుకున్నారు కూడా. డ్వింగెల్డర్‌వెల్డ్ మధ్యలో సేద్యం సాగిన దాదాపు 200 హెక్టార్ల నూర్డెన్‌వెల్డ్‌లో బలిసిన పైమట్టిని ఎత్తేసి, ఆ మట్టితో ఎ28 రహదారి పక్కన రొద ఆపే గట్టు పోశారు. ఎరువు పోసి కాదు, సారం తోడేసి నేలను బాగు చెయ్యడం మన రైతుకు విడ్డూరమే. ఈ పొద గింజలు మట్టిలో దశాబ్దాల పాటు నిద్రపోగలవు. అందుకే మిగతా బయళ్లలో కూడా గడ్డి పెళ్లలు చెక్కేసిన చోట అడుగునున్న గింజలు వెలుతురు తగిలి మొలిచాయి.

అయితే ఈ పని అతి అయిన చోట్ల ఇంకో చిక్కు వచ్చింది. నత్రజనితో పాటు భాస్వరం, కీటకాల గూళ్లు, గింజలు కూడా కొట్టుకుపోయాయి. నేల పులుపెక్కింది. అతిగా తినేవాడికీ బొత్తిగా తినని వాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం హెచ్చరించింది కడుపు సంగతే అయినా, ఇక్కడ నేలకూ వర్తించింది. ఇప్పుడు అక్కడి వారు ఒకేసారి బయలంతా చెక్కడం లేదు. చిన్న చిన్న మడులుగా చెక్కి, కొంత అలాగే విడిచి, మిగతాది గొర్రెల మందకు అప్పగిస్తున్నారు. పోయిన ఖనిజాల కోసం కొన్నిచోట్ల రాతిపొడి చల్లి చూస్తున్నారు. ఎంత తియ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నదాని మీద వారిలో వారికే ఇంకా వాదన నడుస్తోంది.